సంపాదక నిర్ణయము – నాయకుని గార్హస్థ్యము: స్పైడర్‌మాన్ కథాచక్ర పరిశీలనము

ఒక రచయిత ఆరంభించి తానే ముగించు కావ్యమునకును, పలువురి చేతులు మారుచు దశాబ్దముల తరబడి ముగింపు లేక సాగు ధారావాహికకును గల భేదము కేవలము పరిమాణ భేదము కాదు. మొదటిదానియందు కథాగమనమునకు కర్త కవి. రెండవదానియందు రచయితలును చిత్రకారులును మారుచుందురు. మారక నిలుచునవి రెండు – పాత్ర, ఆ పాత్రను సొంత ఆస్తిగా గల ప్రచురణ సంస్థ. కథ ఎందాక పోవచ్చునో, ఎచట ఆగవలెనో ఆ సంస్థ పక్షమున తేల్చువాడు సంపాదకుడు. అమెరికా దేశపు సూపర్‌హీరో కామిక్స్ ఈ రెండవ జాతికి చెందినవి. వీనియందు నాయకుని ప్రణయము సంపాదక నిర్ణయములకు లోబడి ఎట్లు నడచినదో, ఆ నిర్ణయములలో ఏవి కథకు మేలు చేసినవో, ఏవి కీడు చేసినవో స్పైడర్‌మాన్ కథాచక్రమును ప్రధానముగా గైకొని పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ పరిశీలనమున 'యథాస్థితి' అను మాటను పలుమారులు వాడవలసి యుండును. ఒక్కొక్క కథ ముగియునప్పటికి నాయకుడు మరల చేరవలసిన నెలవే యథాస్థితి. అతని వయస్సు, వృత్తి, గుట్టు, ఒంటరితనము – ఇవి యన్నియు దాని అంగములు. శత్రువు ఓడవచ్చును, నగరము కూలి మరల లేవవచ్చును. కాని మరుసటి నెల సంచికను కొను పాఠకునకు నాయకుడు తా నెరిగినవాడుగనే కనబడవలెను. మన లాక్షణికులు రూపకమున కార్యమునకు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని ఐదవస్థలను చెప్పిరి. ముగింపు లేని ధారావాహికకు ఫలాగమము మృత్యుతుల్యము. కావున మూడవదగు ప్రాప్త్యాశయందే కథను నిలిపియుంచుట సంపాదకుని నేర్పగుచున్నది. ఫలము దక్కునను ఆశ యుండవలెను, ఫలము దక్కరాదు. మార్పు వలదు, మార్పు జరుగుచున్నదను భ్రాంతి చాలునను సూత్రమొకటి ఈ రంగమున స్టాన్ లీ పేర ప్రచారమున నున్నది. అది ప్రాప్త్యాశకు వ్యాపార పరిభాష మాత్రమే.

ఈ జాతి కథలకు ఆదిపురుషుడు సూపర్‌మాన్. 1938లో జెర్రీ సీగెల్ రచనతోను, జో షూస్టర్ చిత్రములతోను వెలువడిన తొలి కథలోనే లోయిస్ లేన్ కలదు. ఆమె సూపర్‌మాన్‌ను వలచును. అతడే క్లార్క్ కెంట్ వేషమున ఎదుట నిలిచినచో లెక్కసేయదు. ఇద్దరే వ్యక్తులు, ప్రణయమునకు మూడు కోణములు. 1940లో సీగెల్ వ్రాసిన ఒక కథలో నాయకుడు తన గుట్టును లోయిస్‌కు వెల్లడించును. ఆ కథ ఆనాడు అచ్చునకు నోచుకొనలేదు. పాత్రపై హక్కులను సృష్టికర్తలిరువురు 1938లోనే 130 డాలర్లకు అమ్ముకొనియుండిరి. సృష్టించినవాడు ప్రణయమును ఒక యడుగు ముందునకు నడుపగోరినను, నడుపు అధికారము అతని చేతిలో లేదు. మన ప్రస్తావనకు బీజమిచటనే కలదు.

1962లో ఇటలీ దేశపు విమర్శకుడు ఉంబెర్తో ఎకో సూపర్‌మాన్‌ను గూర్చిన ప్రసిద్ధ వ్యాసమున ఈ స్థితికి సైద్ధాంతిక రూపమిచ్చెను. తిరిగి రాని కార్యము నేది చేసినను నాయకుడు కొంత వ్యయమగుననియు, వివాహము అట్టి కార్యములలో నొకటియనియు, కావుననే ఆ కథలలో కాలము స్వప్నమందువలె మసకబారి యుండుననియు అతని వాదసారము. ఆ వాదము సూపర్‌మాన్‌కు చక్కగా అమరినది. కాని అదే 1962వ సంవత్సరమున స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన స్పైడర్‌మాన్ ఆ సూత్రమునకు లోబడనివానివలె పుట్టెను.

పీటర్ పార్కర్ మొదట ఉన్నత పాఠశాల విద్యార్థి. తాను పట్టుకొనగలిగియు పోనిచ్చిన దొంగ తన్ను పెంచిన పెదతండ్రి బెన్‌ను చంపెను. చేసిన పనికిని, చేయక విడిచిన పనికిని జవాబు చెప్పవలసి యుండుననుట ఈ కథాచక్రమునకు మూలసూత్రము. ఈ సూత్రమునకు కాలము కావలెను. నిన్న చేసిన తప్పు నేడు జ్ఞప్తియందు లేనిచో బాధ్యతకు అర్థము లేదు. అందుచేతనే కాబోలు, తొలి యేండ్లలో ఈ కథ నిజముగనే వయస్సు పెంచుకొనెను. 1965లో వచ్చిన 28వ సంచికలో పీటర్ పాఠశాల విద్య ముగించెను. ఆ యేటి చివరనే 31వ సంచికలో కళాశాల చేరెను. గ్వెన్ స్టేసీ ఆ సంచికలోనే ప్రవేశించినది. పేరు మాత్రము వినబడుచు, ముఖము కనబడక పాఠకుల నూరించిన మేరీ జేన్ వాట్సన్ 1966లో, 42వ సంచికలో, జాన్ రోమిటా కుంచె నుండి వెలువడినది. ఎదుగు నాయకుని చూపి పాఠకుని ఆకర్షించిన సంస్థకు, ఆ యెదుగుదల ఎచటికి పోవుననునది అనతికాలముననే సమస్యయైనది.

గ్వెన్‌తో ప్రణయము గాఢమైన కొలది సంపాదక వర్గము ముందు దారులు రెండే మిగిలెను: పెండ్లి, లేదా ఎడబాటు. 1973లో 121వ సంచికయందు మూడవ దారిని త్రొక్కిరి. గ్రీన్ గాబ్లిన్ వంతెనపై నుండి గ్వెన్‌ను పడద్రోయును. స్పైడర్‌మాన్ సాలెదారము ఆమెను అందుకొనును. కాని పైకి వచ్చునది శవము. రచయిత జెరీ కాన్వేకు గ్వెన్ కంటె మేరీ జేన్ ఆసక్తికరమైన పాత్రగ తోచినదని అతడు తరువాత చెప్పెను. అనగా ఇదియు కథ వెలుపల, కార్యాలయమున పుట్టిన నిర్ణయమే. అయినను దీనిని పాఠకులు యాబదియేండ్లకు పైగా మరువలేదు. ఏలయన, ఆ మరణమున నాయకుని హస్తము కలదు. పడుచున్న దేహమును హఠాత్తుగ ఆపిన దారపు ఊపునకే మెడ విరిగినదని సూచించుటకు చిత్రమున ఒక చిన్న శబ్దాక్షరమును చేర్చిరి. కాపాడబోయిన చేయియే కారణమాయెనా యను సందేహము పీటర్‌ను విడువలేదు. బెన్ మరణమున చేయక పోయిన తప్పు. గ్వెన్ మరణమున చేసినందువలన కలిగిన తప్పు. మూలసూత్రము ఇచట మరింత లోతునకు దిగినది.

ఆ మరణము వలన కలిగిన రెండవ ఫలము మేరీ జేన్ పాత్ర యొక్క పరిణతి. అంతవరకు ఆమె నవ్వు, నాట్యము, చాపల్యము తప్ప వేరు లేని పాత్ర. 122వ సంచిక చివర దుఃఖమున నున్న పీటర్ ఆమెను కసరి పొమ్మనును. ఆమె గుమ్మము దాక పోయి, పోలేక, తలుపు మూసి లోపలనే నిలిచిపోవును. ఒక్క మాటయైన లేని ఆ చిత్రములతో ఒక నూతన నాయిక జన్మించినది. 1984లో, 257వ సంచికలో, పీటరే స్పైడర్‌మాన్ అని తనకు మునుపే తెలియునని ఆమె ప్రకటించుటతో ఆ పరిణతి ఇంకొక మెట్టు ఎక్కెను. పదునొకండేండ్ల క్రమవికాసమునకు ఫలము ఫలించు తరి వచ్చినది.

కాని 1987 నాటి వివాహము ఆ క్రమవికాసము నుండియే సహజముగ జనించినదని చెప్పరాదు. స్టాన్ లీ వార్తాపత్రికలకై వ్రాయుచున్న స్పైడర్‌మాన్ ధారావాహికలో పెండ్లి చేయదలచెను. ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ కామిక్ పుస్తకములలోను అదే సమయమునకు పెండ్లి జరుగునట్లు ఏర్పాటు చేసెను. అందుచే 290వ సంచికలో వివాహ ప్రస్తావన, కొలది నెలలలోనే వార్షిక సంచికలో వివాహము. 1987 జూన్ 5వ తేదీన న్యూయార్కులోని షే స్టేడియమున బేస్‌బాల్ ఆటకు ముందు వేషధారులతో ఈ పెండ్లి తంతును నడపిరి. పౌరోహిత్యము స్టాన్ లీది. వివాహ పక్షపాతులు దీనిని మరచుచుందురు. పెండ్లిని చెరపినదే సంపాదకుడు కాదు, పెండ్లిని చేసినదియు సంపాదకుడే. ముహూర్తమును నిర్ణయించినది కథ కాదు, ప్రచార పంచాంగము.

అయినను ఒక భేదము కలదు. తొందరగ జరిగినను ఆ పెండ్లి కథలోనికి వచ్చిన పిమ్మట రచయితలు దానిని పోషించిరి. రాత్రి వేళ గవాక్షము నుండి గాయములతో దిగు భర్తకై మేలుకొని యుండు భార్య, ఆమె నటనావృత్తి, అద్దె కట్టుటకు పడు పాట్లు – ఇవి యన్నియు కొత్త కథావస్తువులైనవి. ఫలాగమము తరువాత కథ యుండదను లక్షణము గృహస్థ జీవితము విషయమున చెల్లదని ఈ కథలు చూపినవి. పెండ్లి ఒక ఫలమే కాదు, వేరొక కార్యమునకు ఆరంభము కూడ.

సంస్థకు ఈ వాదము రుచించలేదు. వివాహితుడైన నాయకుడు యౌవనమును కోల్పోయెనని, కొత్త పాఠకులకు దూరమగునని వారి భయము. 1994 మొదలు 1996 వరకు నడచిన క్లోన్ కథ ఆ భయమున పుట్టినదే. ఇన్నేండ్లుగ మనమెరిగిన పీటర్ ప్రతిరూపము మాత్రమేననియు, అవివాహితుడగు బెన్ రైలీ అసలువాడనియు తేల్చి, భార్యాభర్తలను కథ నుండి తప్పింపజూచిరి. పాఠకులు సమ్మతింపలేదు. చివరకు బెన్ మరణించెను; గర్భవతియగు మేరీ జేన్‌కు దక్కవలసిన శిశువు దక్కలేదు. 2000లో ఆమె విమాన ప్రమాదమున మరణించినట్లు చూపి, మరుసటి యేట బ్రతికియున్నదనిరి. ఇన్ని యత్నములును ఒకే గురిని వెదకుచున్నవి: భర్తను ముసలివానిని చేయకయే భార్యను తప్పించు ఉపాయము. విడాకులిచ్చినచో నాయకునికి వయస్సు మీదపడినట్లే. భార్య మరణించినచో విధురుడగును. రెండును వయోభారమును పెంచునవే. ఇక మిగిలినది, జరిగినదానిని జరుగలేదనుట.

ఆ పనిని 2007లో నాలుగు సంచికల 'వన్ మోర్ డే' కథ నెరవేర్చెను. అంతకు ముందు 2006లో పీటర్ తన ముసుగును లోకము ఎదుట తొలగించెను. దాని ఫలితముగ 2007లో అతనికై వచ్చిన తూటా పెదతల్లి మేకు తగిలెను. ఆమె ప్రాణము నిలుపుటకు మెఫిస్టో అను పిశాచరాజు వెల యడుగును: ఆ దంపతుల దాంపత్యము. వారు ఒప్పుకొందురు. తెల్లవారునప్పటికి పెండ్లి యెన్నడును జరుగలేదు. ముసుగు తీసిన సంగతి లోకమునకు గుర్తులేదు. రచయిత జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ, చిత్రకారుడు స్వయముగ ప్రధాన సంపాదకుడే యగు జో క్వెసాడా. చివరి రెండు సంచికల నుండి తన పేరును తొలగింపగోరితినని రచయిత బహిరంగముగ చెప్పుకొనెను. సంపాదకుని హస్తము సాధారణముగ పుటల వెనుక నుండును. ఇచట అది పుటలమీదనే కనబడుచున్నది.

ఈ కథను కేవలము భార్యాభర్తలను విడదీసినందున నిందించుట విమర్శ కానేరదు. విప్రలంభము మన కావ్యములకు ప్రాణము. లోపము వేరు. తన చేతలకు జవాబుదారియగుట పీటర్ స్వభావము. ముసుగు తొలగించుట అతని నిర్ణయము. తూటా దాని ఫలము. ఆ ఫలమును మోయవలసిన నాయకుడు మోయక, దానినే మాపుకొనుటకు బేరమాడెను. క్షేమేంద్రుడు ఔచిత్యము కావ్యమునకు జీవితమనెను. ఇచట భంగపడినది ఆ యౌచిత్యమే. గ్వెన్ మరణమున నాయకుడు నాయకుడుగనే యుండి దెబ్బతినెను. ఈ కథలో దెబ్బ తప్పించుకొనుటకై నాయకుడు నాయకత్వమును విడిచెను.

మరపును సాధనముగ వాడుట కొత్త కాదు. మహాభారతమున దుర్వాసశాపము లేదు. నన్నయ శకుంతలోపాఖ్యానమున దుష్యంతుడు ఎరిగియు ఎరుగననును. కాళిదాసు రాజు ఔదార్యమునకు మచ్చ రాకుండుటకై శాపమును, ఉంగరమును కల్పించెను. అదియు ఒక విధమున నాయకుని రక్షించుటకు చేసిన కల్పనమే. కాని కాళిదాసు మరపునకు కారణము శకుంతల పరధ్యానమున నున్నది. దానికి విరుగుడు ఉంగరమున నున్నది. స్మృతి మరలి వచ్చి, పశ్చాత్తాపముచే శుద్ధుడైన రాజునకు ఫలాగమము కలిగినది. 'వన్ మోర్ డే' యందలి మరపునకు విరుగుడు లేదు, పశ్చాత్తాపము లేదు. మరచినవారు పాత్రలు, మరువనివాడు పాఠకుడు. ఉంగరము పాఠకుని చేతనే మిగిలిపోయినది. పాఠకుల కోపమునకు మూలమిది. ఇరువదియేండ్లు తాము చదివిన కథ జ్ఞాపకములను పాత్రలు పంచుకొనలేని స్థితి వారికి కలిగినది. 2010లో ఈ మార్పునకు వివరణగ వచ్చిన కథ మరింత చిక్కు తెచ్చినది. దాని ప్రకారము ఆ యేండ్లలో వారిరువురు కలసి కాపురముండిరి. ఆనాటి సంఘటనలు జరిగినవే. పెండ్లి తంతు మాత్రము జరుగలేదు. ఇంత చేసి సాధించినది ఒక సంస్కారమును తొలగించుట మాత్రమే.

సంపాదక పక్షమును న్యాయముగ చెప్పవలెనన్న, వారి వాదము తేలికది కాదు. తరము తరమునకు కొత్త బాలురు చదువవలసిన పాత్ర తొలి పాఠకులతో పాటు ముసలిదైనచో అది ఒక తరపు సొత్తుగ మిగిలిపోవును. నాయకుని ఇక్కట్లకు ఒంటరితనము తోడైనప్పుడే జాలి పుట్టునని వారి నమ్మకము. 2008 జనవరిలో మొదలైన నూతన క్రమమున పత్రిక నెలకు మూడు సంచికలుగ వెలువడి, కొత్త పాత్రలను, చురుకైన కథలను ఇచ్చినమాట నిజము. మా ఆక్షేపణ గమ్యమునకు గాదు, దారికి. కథకు కాలమును తిరుగవేయు అధికారము ఒకసారి వాడినచో, అటుపిమ్మట ఏ మరణమును, ఏ ప్రతిజ్ఞయు పాఠకుడు పూర్తిగ నమ్మడు. సంస్థ ఒక పెండ్లిని చెరపి, రాబోవు కథల విశ్వాసమును వెలగ చెల్లించినది.

పెండ్లియే యథాస్థితికి శత్రువను మాటను సూపర్‌మాన్ చరిత్రమే పరీక్షించి చూపినది. సూపర్‌మాన్ వివాహమును 1993లో మొదలైన దూరదర్శన ధారావాహికతో జోడించుటకై వాయిదా వేయగా ఏర్పడిన ఖాళీలోనే 1992 నాటి ప్రసిద్ధ మరణకథ పుట్టెను. 1996 అక్టోబరులో పుస్తకమునను దూరదర్శనమునను ఒకే నెలలో పెండ్లి జరిగెను. 2011లో కథాలోకమునంతను కొత్తగ ఆరంభించినప్పుడు ఆ పెండ్లి మాయమైనది. 2016 నాటికి వివాహితుడగు సూపర్‌మాన్‌ను, కొడుకు జొనాథన్‌తో సహా, ప్రధాన కథలోనికి తామే మరల తెచ్చుకొనిరి. ఎకో చెప్పినట్లు పెండ్లి నాయకుని వ్యయము చేయవలసి యుండగా, తండ్రి కొడుకుల బాంధవ్యము కొత్త కథలకు మూలధనమైనది.

స్పైడర్‌మాన్ విషయమునను సాక్ష్యములు కలవు. వార్తాపత్రిక ధారావాహికలో 2009 జనవరిలో పీటర్‌ను అవివాహితుని చేసిరి. పాఠకుల అసమ్మతి పిమ్మట ఆ యేటనే అది యంతయు కలయని చెప్పి పెండ్లిని నిలిపిరి. ప్రధాన కథలో నిరాకరించిన ఫలమును సంస్థ ప్రత్యామ్నాయ లోకములలో పంచిపెట్టుచు వచ్చినది. 1998లో వారి కుమార్తె నాయికగ ఒక కథ ప్రవేశించెను. 2024లో జొనాథన్ హిక్‌మన్ రచనతో మొదలైన మరియొక లోకపు కథలో పీటర్ భార్యయు, ఇద్దరు బిడ్డలును గల నడివయసు గృహస్థుడు. 1960 ప్రాంతపు సూపర్‌మాన్ సంచికలు పెండ్లి కోరికను ఊహా కథలుగ తీర్చిన పద్ధతికి ఇది వారసత్వము. కాదన్నది మరల మరల తలుపు తట్టుచున్నదన్నచో, కథకు అది ఆవశ్యకమని గ్రహింపవలెను.

2023లో తెలుగునను విడుదలైన 'స్పైడర్‌మాన్: అక్రాస్ ది స్పైడర్‌వర్స్' చలనచిత్రము ఈ వివాదమునే ఇతివృత్తము చేసికొన్నది. ప్రతి స్పైడర్‌మాన్ జీవితమునను కొన్ని శోకములు తప్పక జరుగవలెనని, తప్పినచో లోకము కూలునని అందు ఒక అధికారి శాసించును. యువనాయకుడు మైల్స్ తన తండ్రి మరణమును ఆ శాసనమునకు అప్పగింపనని తిరుగబడును. ఆ యధికారి మాటలయందు సంపాదకుని గొంతు వినబడుచున్నదనుట అతిశయోక్తి కాదు.

ఇంతవరకు చూచినదానినుండి పరిశోధక విద్యార్థులకు ఉపకరించు రెండు విషయములు తేలుచున్నవి. మొదటిది, ఇట్టి రచనలయందు కర్తృత్వమును ముఖపత్రము మీది పేరుతో తేల్చరాదు. పాఠ్యముతో పాటు ప్రచురణ చరిత్రమును, హక్కుల చరిత్రమును చదువవలెను. రెండవది, సంపాదక నిర్ణయము కార్యాలయమున పుట్టినదా, కథలో పుట్టినదా యనునది విమర్శకుని ప్రశ్న కారాదు. గ్వెన్ మరణము, వివాహము, వివాహ నాశము – అన్నియు కార్యాలయముననే పుట్టినవి. పుట్టిన పిమ్మట ఆ నిర్ణయమునకు పాత్ర స్వభావమున కారణము దొరకినదా, దాని ఫలము పాత్రల స్మృతియందు నిలిచినదా యనునవే సరియైన ప్రశ్నలు. మొదటి నిర్ణయము రెండింటికిని నిలిచినది. రెండవది తొందరపాటుతో మొదలై పోషణచే నిలదొక్కుకొన్నది. మూడవది రెండింటను తప్పినది.

నాయకుడు ఎన్నడును ముసలివాడు కానక్కరలేదు. పెండ్లియాడక తీరదనియు మేము చెప్పుట లేదు. కాని తాను చేసినదానిని, తనకు జరిగినదానిని ఎరిగియుండని నాయకునకు బాధ్యత లేదు. బాధ్యత లేనిచో స్పైడర్‌మాన్ లేడు. యథాస్థితిని కాపాడు సంపాదకుడు మొదట కాపాడవలసినది ఈ యెరుకనే.